పేరు రాసే గడి

తెలంగాణ కోసం జరుగుతున్న సమ్మె పదహారో రోజుకు దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద ఎండ తప్ప ఏమీ నడవడం లేదు. బస్సుల్లేవు. కోచింగు సెంటర్ల మెట్ల మీద పిల్లలు లేరు. కోదండం తన చేనేత చీరల దుకాణం షట్టరు సగం దించి గడపలో నిలబడితే, ఇన్నేళ్ళలో ఎన్నడూ వినని చప్పుళ్ళు వినిపించాయి. ఎదురు మేడ మీద ఎవరో చేటలో బియ్యం చెరుగుతున్నారు. ఎక్కడో సందులో ఆడపిల్లలు బతుకమ్మ పాటకు చప్పట్లు కలుపుకుంటున్నారు. రోడ్డు అవతలి గట్టు ఇంత దగ్గరా అని అతనికి ఆశ్చర్యం వేసింది.

బేరం లేని రోజు కాళ్ళకు పని దొరుకుతుంది. అతను పక్క సందులోకి నడిచాడు. నాలుగో దుకాణం ముందు ఇనప కడ్డీకి వేలాడుతున్న చీరను చూసి ఆగిపోయాడు. మెరూన్ మీద తెల్లటి గవ్వల వరుస. కొంగు దగ్గర గవ్వలు రెండుగా చీలి, మళ్ళీ కలుసుకుంటాయి. తొమ్మిదేళ్ళుగా అతని దుకాణానికి ఆడవాళ్ళను రప్పిస్తున్న చీర అది.

అంచు పట్టుకుని తిరగేశాడు. వెనక వైపు రంగు పాలిపోయి ఉంది. అచ్చు గుడ్డ. రంగు అంటకూడని చోట నూలుకు ముందే దారంతో చిటికి కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేసిన చీరకు రెండు వైపులా ఒకటే రంగు ఉంటుంది. కట్టు కిందికి రంగు కొంచెం జారుతుంది కాబట్టి ప్రతి గవ్వ అంచూ నీటిలో చూసినట్టు చెదిరి కనిపిస్తుంది. ఈ అచ్చు గవ్వల అంచులు కత్తితో కోసినట్టున్నాయి. వీటికి నిద్ర లేదు, కల లేదు.

ఆ దుకాణం యజమాని నగేశ్ లోపలినుంచి నవ్వుతూ వచ్చాడు. "కోదండం గవ్వ, అన్నా. నీ మాలే. రేటొక్కటే వేరు."

కోదండం చీర మడత సరిచేసి, కడ్డీకి మళ్ళీ సరిగ్గా వేలాడదీశాడు. పగవాడి సరుకైనా నలగనివ్వకూడదన్నది అతని చేతికున్న అలవాటు. తిరిగి వస్తూ దారంతా ఒకటే మాట అనుకున్నాడు. నా గవ్వ. నా గవ్వను ఎత్తుకపోయిండు.

దుకాణం పైన ఒక గది ఉంది. ఒకప్పుడు మూటలు పెట్టేవారు. ఇప్పుడు అతని కూతురు సుచిత్ర అక్కడ కంప్యూటరు పెట్టుకుని కూర్చుంటోంది. ఆమె ఉద్యోగం నగరానికి అటు చివర. బస్సులు లేక, కంపెనీ ఇంటినుంచే పని చేయమంది. ఆ పని సగం పూటలో ముగించి, మిగతా పూట ఆమె మరో పని చేస్తోంది. పోచంపల్లి నమూనాలన్నిటికీ ఒక వెబ్‌సైటు. ప్రతి చీరకూ ఒక సంఖ్య. చీర చీటీ మీది సంఖ్య అందులో కొట్టి చూస్తే, నమూనా ఏది, ఎవరు నేశారు, అసలుదా నకిలీదా అన్నీ తెలుస్తాయి. అచ్చు గుడ్డకు ఇక అబద్ధం ఆడడం కుదరదు. కోదండానికి ఇది కావాలి. దీపావళి బేరానికి ముందే కావాలి. గవ్వ తనదని లోకానికి రుజువు కావాలి.

అతనికి మింగుడుపడనిది ఒక్కటే. సుచిత్ర దాన్ని ఓపెన్ సోర్స్ అంటుంది. రాసిన ప్రతి వాక్యం అందరికీ కనిపిస్తుందట. ఎవరైనా తీసుకోవచ్చు, దిద్దవచ్చు, తమ ఊరి చీరలకు వాడుకోవచ్చు. పుణెలో ఒకరు, బెంగళూరులో ఇద్దరు, ఎన్నడూ మొహం చూడనివాళ్ళు, కంప్యూటరులోనే ఉత్తరాలు రాసి సాయం చేస్తున్నారు. ఎండాకాలం రోడ్డు పక్కన చలివేంద్రం పెట్టినట్టు అనుకుని అతను మనసు సర్దుకున్నాడు. చలివేంద్రం పెట్టిన దుకాణం ముందు నాలుగు చెప్పుల జతలు ఆగుతాయి కదా.

అతను మెట్లెక్కేసరికి సుచిత్ర, శ్రీధర్ ఎడమొహం పెడమొహంగా ఉన్నారు. శ్రీధర్ ఈ పనిలో ఆమెకు తోడు, ఇదే రోడ్డులో ఒక ఇన్‌స్టిట్యూటులో జావా చెప్తాడు. ఇల్లు ఎల్బీనగర్. వాళ్ళ నాన్న గుంటూరు వైపునుంచి వచ్చి స్థిరపడ్డాడు. సమ్మెతో క్లాసులు లేక, రోజూ ఎల్బీనగర్‌నుంచి నడిచి వస్తున్నాడు. కిటికీకి ఆరేసిన చీరల్లోంచి వచ్చే వెలుతురు వాళ్ళిద్దరి మీదా పసుపుగా, ఆకుపచ్చగా కదులుతోంది.

తగువు దేనికని కోదండం అడిగాడు. ఫ్రేంవర్క్ ఏది తీసుకోవాలన్న దగ్గర ఆగిపోయామని సుచిత్ర చెప్పింది. నలభై ఉత్తరాలు నడిచాయి. పుణె ఆయన ఒకటి అంటాడు, బెంగళూరు వాళ్ళు ఒకటి అంటారు. చివరికి రెండు మిగిలాయి. ఆమెది పైథాన్‌లో జాంగో, శ్రీధర్‌ది జావాలో స్ప్రింగ్.

"ఫ్రేంవర్క్ అంటే ఏంది బిడ్డా?"

"మగ్గం అనుకో బాపూ. నూలు మనది, నమూనా మనది. చట్రం ముందే బిగించి ఇస్తరు. మనం కూసొని నేసుడే. గిది సైటుకు వెనక గది. ఒచ్చినోళ్ళకు కనబడదు."

వెనక గది అనగానే అతనికి అర్థమైంది. అద్దాల బీరువా చూసి మనుషులు లోపలికి వస్తారు. వెనక గది సర్దుబాటును బట్టి దుకాణం నిలుస్తుంది. అతను మూట మీద కూర్చుని, ఇద్దరినీ తమ సరుకు గురించి చెప్పమన్నాడు.

శ్రీధర్ ముందు చెప్పాడు. బ్యాంకులు జావా మీదే నడుస్తున్నాయి. పదేళ్ళ తర్వాతా ఉంటుంది. ఈ రోడ్డులో ఏ మెట్లెక్కినా జావా వచ్చిన పిల్లలు దొరుకుతారు కాబట్టి, బాగుచేసేవాళ్ళకు కొరత ఉండదు. జాంగోలో సగం పని ముందే చేసి ఉంటుందని సుచిత్ర అంది. వివరాలు ఎక్కించే పేజీలు వాటంతట అవే వస్తాయి. బటన్లు కూడా తెలుగులో వస్తాయి. మార్చాలంటే గంటలో మార్చవచ్చు. కానీ ఈ రోడ్డులో దాన్ని నేర్పేవాళ్ళు లేరని ఒప్పుకుంది.

కోదండం లెక్క వేసుకున్నాడు. మగ్గం కొనేవాడు మగ్గాన్ని చూడకూడదు, ఊళ్ళో వడ్రంగి ఉన్నాడా అని చూడాలి. ఆ లెక్కన జావాయే నెగ్గుతుంది. కానీ మనసులో ఇంకో లెక్క మెదిలింది. అది నోట్లోంచి వచ్చేసింది.

"మంచిదే. కానీ రేపు రాష్ట్రం వేరైతే, నువ్వు నడుమల వదిలేసి పోవని ఏముంది శ్రీధర్?"

శ్రీధర్ పెదవులతో మాత్రం నవ్వాడు. "ఎక్కడికి పోతానంకుల్? నేను పుట్టింది ఎల్బీనగర్ చౌరస్తా పక్క ఆసుపత్రిలో. పోవడానికి నాకు వేరే ఊరు లేదు."

సుచిత్ర తండ్రి వైపు చూడలేదు. కీబోర్డు మీది దుమ్మును వేలితో తుడుస్తూ ఉండిపోయింది. కోదండం దిగివచ్చి, మధ్యాహ్నమంతా మడత పెట్టిన చీరలనే మళ్ళీ మడత పెట్టాడు. అడగవలసిన ప్రశ్నే, కానీ ఆ మనిషిని అడగడం తప్పు. ఆ రెండింటికీ తూకం కుదరలేదు.

మర్నాడు ఉదయం అతనే మెట్లెక్కి ఒక బేరం పెట్టాడు. "చీర మంచిదా కాదా అని దుకాణపోడు చెప్తే నడువదు. కట్టుకునేటామె చెప్పాలె. ఇద్దరు చెరొక పేజీ చెయ్యిండ్రి. పోచంపల్లికెల్లి మన నేతోళ్ళింటి అండాలును పిలుస్త. ఎవర్ని అడగకుంట ఏ పేజీల ఆమె చీర ఎక్కిస్తదో అదే తీసుకుందం."

ఇద్దరికీ నచ్చింది. రెండు రోజులు గడువు పెట్టుకున్నారు. పరీక్షకు కొన్ని చీరల వివరాలు కావాలన్నారు. కోదండం కళ్ళు మూసుకుని, కాగితమేదీ లేకుండా, పన్నెండు చీరలు చెప్పాడు. నమూనా, రంగులు, చీరకొక పేరు. బాలయ్య, కొండల్, సత్తయ్య, ఇలా పన్నెండు పేర్లు. శ్రీధర్, సుచిత్ర అవే రాసుకుని, వాటిని బట్టే గడులు గీసుకున్నారు.

ఆ రెండు రోజులూ కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియలేదు. గనుల్లోనూ సమ్మె నడుస్తోంది, కరెంటుకు బొగ్గు చాలడం లేదు. పోయినప్పుడల్లా యూపీఎస్ కాసేపు కూసి ఊరుకునేది. ఇద్దరూ కిటికీ దగ్గరికి వచ్చి నిలబడేవారు. కింద ఖాళీ రోడ్డు మీద గునుగు పూల మోపులు నెత్తిన పెట్టుకుని హయత్‌నగర్ వైపునుంచి ఆడవాళ్ళు నడిచి వచ్చేవారు. పూల మోపులే తేలి వస్తున్నట్టు ఉండేది. మోటారు చప్పుడు లేని ఆ వెలుతురులో కోదండానికి తన దుకాణమే నిద్రలో కనిపించిన దుకాణంలా తోచేది. అందులో చీరలు ఉండేవి, కొనేవాళ్ళు ఉండేవారు, కానీ ఎవరూ మాట్లాడేవారు కాదు.

శనివారం మధ్యాహ్నం అండాలు వచ్చింది. నలభై అయిదేళ్ళ మనిషి. పోచంపల్లినుంచి ఒక ఆటో, హయత్‌నగర్ దగ్గర మరో ఆటో, ఎల్బీనగర్‌లో చెల్లెలి ఇంట్లో మంచినీళ్ళు తాగి, అక్కడినుంచి నడక. చంకలో గ్రాఫు పుస్తకం. పదో తరగతి వరకు చదివింది. తీరిక ఉంటే పేపరు చదువుతుంది. మెట్లెక్కుతూ కుడి భుజం పట్టుకుని ఒకసారి ఆగింది. ఆసు పోసేవాళ్ళందరికీ ఉండే నొప్పే అది. అరచంద్రం అనే చట్రం మీది మేకుల చుట్టూ ఒక్కొక్క నూలు పోగునే తిప్పుతూ చెయ్యి అటూ ఇటూ పోవాలి. ఒక చీరకు కొన్ని వేల సార్లు.

"ఏంది సేటూ, సమ్మె రోజుల్ల నాకు పరీక్ష పెట్టినవట. ఫేలైతే మళ్ళ పదో తరగతికి పంపిస్తవా?"

సుచిత్ర నవ్వి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది. కీబోర్డు మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించి ఉన్నాయి. ముందు శ్రీధర్ పేజీ తెరిచారు. అందంగా ఉంది. గవ్వరంగు నేల మీద గడులు పొందికగా అమరాయి. అండాలు చూపుడువేలితో ఒక్కొక్క అక్షరం వెతికి కొట్టింది. చీర సంఖ్య. నమూనా పేరు. రంగులు. నాలుగో గడి దగ్గర చెయ్యి ఆగింది. గడి పక్కన 'నేతకారుని పేరు' అని ఉంది.

ఆమె కదలలేదు. కుడి చెయ్యి మాత్రం కుర్చీ పక్కన, గాలిలో, ఆసు పోస్తున్నట్టు మెల్లగా అటూ ఇటూ ఊగింది. అక్షరం దొరకలేదేమో అనుకున్నాడు శ్రీధర్. ఏ అక్షరం కావాలని అడిగాడు.

"అక్షరం గాదయ్యా. ఎవరి పేరు రాయాలె?"

నేసినవారిదని శ్రీధర్ చెప్పాడు.

"గ్రాఫు మీద నమూనా గీసిన చెయ్యి ఒకటి. ఆసు పోసిన చెయ్యి ఒకటి. చిటికి కట్టిన చేతులు, రంగుల ముంచిన చెయ్యి. అన్నీ అయినంక మగ్గం మీద మా ఇంటాయన కూసుంటడు. ఇన్ని చేతులకు గడి ఒక్కటే ఇచ్చిండ్రు. ఆ బిడ్డ పేజీల గూడ ఒక్కటేనా?"

సుచిత్ర తన పేజీ తెరిచింది. అక్కడా ఒక్క గడే.

ఇద్దరూ కోదండం వైపు చూశారు. పన్నెండు పేర్లు చెప్పింది అతనే. "మగ్గం ఎవరిదైతే ఆ పేరు రాస్తం. సొసైటీల గూడ అదే రివాజు," అన్నాడు. మాట బయటికి వచ్చాక, అది మూలన పడి ఉన్న పాత మూటలా కనిపించింది.

సుచిత్ర అప్పటికే కుర్చీ లాక్కుంది. శ్రీధర్ కూడా తన లాప్‌టాప్ ముందుకు జరుపుకున్నాడు. ఒక చీరకు ఒక పేరు కాదు, ఎన్ని చేతులుంటే అన్ని పేర్లు, ఒక్కో పేరు పక్కన ఆ చెయ్యి చేసిన పని. ఇదీ కావలసింది. కోదండం చాయ్ తెప్పించి ఇద్దరి వేళ్ళూ చూస్తూ కూర్చున్నాడు. కొత్త పనివాడిని చేతులు చూసే ఎంచుకుంటాడు అతను.

సుచిత్ర ఒక చోట ఆరేడు వాక్యాలు రాసింది. ఇంకో చోట ఒకటి. మధ్యలో ఏదో తప్పొచ్చి నాలుక కరుచుకుని దిద్దింది. శ్రీధర్ ఒక ఫైలు తెరిచాడు. దానికోసం రెండోది, దానికోసం మూడోది. చేతుల్లో తొందర లేదు, తడబాటు లేదు. నేర్చిన చెయ్యి. కానీ ప్రతి ముడి విప్పడానికీ ముందు ఇంకో ముడి విప్పాల్సి వస్తోంది. ఏడో ఫైలు దగ్గర అతను ఆగి, తెరను చాలాసేపు చూశాడు.

అప్పటికి సుచిత్ర తెర మీద గడులు వరుసగా కిందికి దిగాయి. గ్రాఫు, ఆసు, చిటికి, రంగు, మగ్గం, అమ్మకం.

శ్రీధర్ లాప్‌టాప్ మూసేశాడు. "నాది రేపటికి అవుతుంది. బాగానే అవుతుంది. కానీ ఈ గడి తప్పని మనకి ఇవాళే తెలిసింది. వచ్చే నెల ఇంకోటి తెలుస్తుంది. తప్పు దిద్దుకోవడం దేన్లో తేలికో అదే తీసుకోవాలి. జాంగోనే."

బజారులో బేరం ఓడినవాడు సరుకు ఎత్తుకుని పోతాడు. కోదండం చూసినంత వరకు అదే రివాజు. శ్రీధర్ లేచాడు. కుర్చీని సుచిత్ర పక్కకు లాక్కుని కూర్చున్నాడు. పైథాన్‌లో వాక్యం ముందు వదిలే ఖాళీ కూడా లెక్కేనటగా అని అడిగాడు. అవును, ఖాళీ తప్పితే అర్థమే తప్పుతుందని ఆమె చెప్పింది.

"గ్రాఫుల గూడ అంతే అయ్యా," అంది అండాలు. "ఖాళీ గడి లెక్క తప్పితే గవ్వ విరుగుతది."

శ్రీధర్ అప్పుడే ఉత్తరం రాసి అందరికీ పంపాడు. జాంగో తీసుకున్నామనీ, ఎందుకో, ఎవరు అడిగిన ప్రశ్న వల్లో రాశాడు. సైటును బాగుచేసుకునే విధానం తానే తెలుగులో రాస్తానని కూడా అందులో చేర్చాడు. వడ్రంగి దొరికాడు. కోదండం చూపు కిటికీ మీదికి మళ్ళింది.

"ముందు గవ్వల చీర ఎక్కియ్యి అత్తమ్మా," అంది సుచిత్ర.

కరెంటు పోయింది. యూపీఎస్ కూయడం మొదలైంది. పావుగంట ఉంటుంది, పర్వాలేదు కొట్టమని సుచిత్ర చెప్పింది. గదిలో పంకా ఆగి, చీరల వెలుతురు కూడా కదలడం మానేసింది. తెర వెలుగు అండాలు మొహం మీద నీలంగా నిలిచింది. ఆమె ఆసు గడిలో తన పేరు కొట్టింది. చిటికి గడిలో తనది, కోడలిది. రంగు గడిలో మరిదిది. మగ్గం గడిలో కొండల్. తర్వాత పైకి వెళ్ళి, వదిలేసిన గ్రాఫు గడిలోనూ కొట్టింది. కొండల్. ఎన్నడూ పైకి పలకని మొగుడి పేరు, ఆమె వేలి కింద రెండుసార్లు పడింది.

కోదండం చూశాడు. అతనొక్కడే గమనించాడు. తొమ్మిదేళ్ళ కిందట ఈ దుకాణంలోనే, కింద, ఆ పుస్తకం విప్పి ఆమె గవ్వను చూపించింది. ఇక్కడ చీలాలె, ఇక్కడ కలువాలె అని వేలితో చెప్పింది. అతను చీర తీసుకుని, తన పేరు పెట్టి అమ్మాడు.

"అండాలూ, ఆ గ్రాఫు కొండల్ గీసిండా?"

ఆమె కొంగు సర్దుకుంది. "ఇంట్ల ఎవరు గీస్తేంది సేటూ."

"నా ముందర పుస్తకం ఇప్పినవ్. ఆ గీతలెవరివో నేనెరుగనా. తుడిచెయ్యి."

అండాలు ఒక్కొక్క అక్షరం వెనక్కి తుడిచి, తన పేరు రాసింది. రాసి, తెరకు కొంచెం దూరంగా జరిగి చూసుకుంది. సుచిత్ర తండ్రి వైపు తిరిగింది. "గట్లయితే కోదండం గవ్వ గాదన్నట్టు."

"అమ్మకం గడి ఉన్నది గద. నన్ను ఆడ రాయి," అన్నాడు. అతనికి ఒళ్ళు తేలికగా ఉంది. తొమ్మిదేళ్ళ లెక్క ఒక్క మాటతో సరిపోయింది. పేరు ఇవ్వడానికి చేతిలోంచి ఏమీ పోదు. ఇచ్చినవాడికే నలుగురిలో పేరు వస్తుంది.

చివర ఇంకో గడి ఉంది. శ్రీధర్ ఇందాక సుచిత్ర చేత చేర్పించినది. గ్రాఫు గీసినవారి ఫోను నంబరు. ఎవరికైనా అనుమానం వస్తే అడుగుతారని, అలాంటి నమూనా కావాలన్నా అడుగుతారని చెప్పాడు.

"నా నంబర్ నాకెట్ల తెలుస్తది," అంది అండాలు. "నాకు నేను చేసుకుంటనా? ఫోను మా చెల్లె ఇంట్ల చార్జింగుల పెట్టొచ్చిన."

తర్వాత నింపుకోవచ్చు, ఖాళీగా వదిలేద్దామన్నాడు శ్రీధర్. యూపీఎస్ కూత దగ్గర దగ్గరగా పడుతోంది.

కోదండానికి ఆ నంబరు కంఠతా వచ్చు. పండగ సీజను ముందు, మిగతా షావుకార్లకంటే ముందుగా, కళ్ళు తెరవకుండానే నొక్కే నంబరు అది. అతనిప్పుడు ఏమీ చెయ్యనక్కర్లేదు. ఊరుకుంటే చాలు. ఆ పది అంకెలు లోకానికి తెలిస్తే బెంగళూరు దుకాణంవాడు, చెన్నై దుకాణంవాడు, ఈ మెట్లెక్కకుండా నేరుగా పోచంపల్లికే ఫోను చేస్తారు. నగేశ్ ఎత్తుకపోయింది గవ్వ బొమ్మనే. ఇది గవ్వ గీసే చెయ్యినే అప్పగించడం.

"ఉండనియ్ బిడ్డా," అంది అండాలు, కుర్చీలోంచి లేవబోతూ. "సేటు నంబర్ కొట్టు. నా మాట ఏదున్నా ఆయనకే చేస్తరు గద. ఎప్పటికెల్లి అట్లనే నడుస్తుండె."

సుచిత్ర సరేనని కీబోర్డు తన వైపు లాక్కుంది. తండ్రి నంబరు ఆమెకు వచ్చు. మొదటి అంకె కొట్టింది.

"ఆగు," అన్నాడు కోదండం.

ఆమె ఆగింది. అతను కళ్ళు మూసుకున్నాడు. పన్నెండు చీరలు చెప్పినప్పటిలాగా గబగబా రాలేదు. ఒక్కొక్క అంకె వేరే మూటలోంచి వెతికి తీసినట్టు వచ్చింది. "అది తుడిచెయ్. తొమ్మిది. నాలుగు. మళ్ళ నాలుగు. సున్న." అండాలు లేవబోయిన మనిషి అలాగే సగం లేచి, కుర్చీ చెయ్యి పట్టుకుని, అతని నోటివైపు చూస్తోంది. రెండు, ఒకటి, ఏడు. ఎనిమిదో అంకె. తొమ్మిదో అంకె.

అక్కడ కోదండం నోరు ఆగింది. కింద రోడ్డు మీద ఏ చప్పుడూ లేదు. యూపీఎస్ ఒకటే కూతగా కూస్తోంది.

"ఇంకొక్కటి బాపూ," అంది సుచిత్ర మెల్లగా. "పవర్ పోతది."

చెప్పాడు.